కెనడా ఆదివాసుల నాటకము

తెర లేచునప్పటికి ఒక స్త్రీ ఇంటి కప్పుపై కూర్చుండి సుత్తితో మేకులు కొట్టుచుండును. ఆమె పేరు పెలాజియా ప్యాచ్‌నోస్. వయస్సు 53 ఏండ్లు. ఈ ఊరు విడిచి టొరాంటో నగరమునకు పోవలెనని ఆమెకు ఎప్పటి నుండియో కోరిక. ఊరిలో బాటలకు తారు లేదు. దుమ్ము మాత్రము కావలసినంత కలదు. ఆమె చెల్లెలు ఫిలోమెనా కోరిక అంతకంటె చిన్నది: ఇంటిలో తెల్లగా, వెడల్పుగా, కూర్చున్నచో హాయిగా నుండు మరుగుదొడ్డి పీఠమొకటి. ఇంతలో ఊరిలోనికి ఒక వార్త వచ్చును. ప్రపంచములోకెల్ల పెద్ద బింగో ఆట టొరాంటోలో జరుగనున్నదట! మన క్లబ్బులలో తంబోలా అని ఆడుదురు గదా, అట్టిదే ఈ బింగో. ఏడుగురు స్త్రీలు డబ్బు కూడబెట్టుకొని, బండి సంపాదించుకొని, బహుమానము కొరకు బయలుదేరుదురు.

నాటకము పేరు ‘ది రెజ్ సిస్టర్స్’. వ్రాసినవాడు క్రీ జాతీయుడగు టామ్సన్ హైవే. ప్రథమ ప్రదర్శనము 1986 నవంబరు 26వ తేదీన టొరాంటోలోని ఆదివాసుల సాంస్కృతిక కేంద్రమున జరిగెను. ప్రభుత్వము ఆదివాసులకై విడిచిన భూభాగమునకు ఆ దేశమున రిజర్వు అని పేరు. ఇంటి వాడుకలో దానినే ‘రెజ్’ అందురు. కథ చూడబోయిన ఇంతే. కాని కెనడాలో ఆదివాసుల నాటకమును గూర్చి మాటలాడువారు ఈ ప్రదర్శనమునకు ముందు, దీనికి తరువాత అని కాలమును విభజించుట పరిపాటి అయినది. మరుగుదొడ్డి పీఠము కొరకు కలలు గను ఒక పల్లెటూరి స్త్రీతో అంతటి మార్పు ఎట్లు వచ్చెనో తెలియవలెనన్నచో కొంత వెనుకకు పోవలెను.

ఈ జనులతో మనకొక వింత చుట్టరికము కలదు. 1492లో కొలంబసు తాను మన ప్రాంతములకు చేరితినని భ్రమపడి వారికి మన పేరు పెట్టెను. అది మొదలు వారు ‘ఇండియనులు’ అయిరి. మనవారు కలిసిపోకుండుటకు ‘రెడ్’ అను విశేషణమును తగిలించిరి. పేరు వారిది కానట్లే, సినిమాలలో వారికి కల్పించిన రూపమును వారిది కాదు. తల మీద ఈకలు, చేతిలో గొడ్డలి, నోట రెండు మూడు ముక్కల వంకర ఇంగ్లీషు! గుండు తగిలి గుఱ్ఱము మీది నుండి పడుట తప్ప ఆ పాత్రకు వేరు పని యుండదు. నిజమునకు కెనడాలో ప్రథమ జాతులు, మేటీలు, ఇన్యుయిట్లు అను మూడు వర్గములు కలవు. ప్రథమ జాతులలో క్రీ, ఒజిబ్వే, మోహాక్ మొదలుగా ఎన్నియో జాతులు, ఎన్నియో భాషలు. సౌలభ్యము కొరకు మాత్రమే ఈ ప్రసంగమున ఆదివాసులను ఒక్క మాటను వాడుచున్నాను.

వారికి నాటకము తెల్లవారు నేర్పిన విద్య కాదు. పసిఫిక్ తీరమునందలి జాతులు పోట్లాచ్ అను మహోత్సవము జరుపుదురు. పేరు పెట్టుట, పెండ్లి, పెద్దల మరణము వంటి సందర్భములలో చలికాలమున జనులను పిలిచి, కొయ్య ముసుగులు ధరించి, వంశకథలను ఆడి, పాడి, వచ్చినవారికి కానుకలు పంచుదురు. దారము లాగగనే ఒక ముఖము రెండుగా విడిపోయి లోపల మరియొక ముఖము కనబడు ముసుగులు వారి వడ్రంగులు చేసినవి. ఒక్కొక పాట, ఒక్కొక నృత్యము ఒక్కొక కుటుంబపు ఆస్తి. అనుమతి లేక మరియొకరు ఆడరాదు. ఇది వారి నాటకశాల మాత్రమే కాదు, వారి రిజిస్ట్రారు కచేరి కూడ అని చెప్పవచ్చును. అందరి యెదుట ఆడి చూపిన హక్కే హక్కు.

కెనడా ప్రభుత్వము దీనిని నేరము చేసెను. నిషేధము 1885లో అమలులోనికి వచ్చెను. అదే 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున ‘కీచక వధ’ ఆడి సురభి సమాజమువారు తమ నాటక ప్రస్థానమును ఆరంభించిరి. ఒక చోట కుటుంబములు కుటుంబములుగా రంగమెక్కుచుండగా, మరియొక చోట కుటుంబములు కుటుంబములుగా రంగము దిగవలసి వచ్చెను. 1921లో డాన్ క్రాన్మరు అను పెద్ద రహస్యముగా జరిపిన పోట్లాచ్‌పై పోలీసులు కేసులు పెట్టి సుమారు 20 మందిని చెరసాలకు పంపిరి. వారి ముసుగులను, రాగి ఫలకములను స్వాధీనము చేసికొని వస్తుప్రదర్శనశాలలకు చేర్చిరి. ఆ ముసుగులలో కొన్ని తిరిగి సొంత ఊళ్ళకు చేరుట 1979 తరువాతనే.

మైదాన ప్రాంతములలోని జాతులకు మరియొక నిబంధన వచ్చెను. 1914లో చేసిన సవరణ ప్రకారము పశ్చిమ రాష్ట్రముల ఆదివాసులు ప్రభుత్వపు ఏజెంటు అనుమతి లేక తమ వేషములతో ఏ ప్రదర్శనమందును పాల్గొనరాదు. విచిత్రమేమనగా తెల్లవారి సంతలలోను, ఊరేగింపులలోను ఆ వేషములకే గిరాకి యుండెను. పౌలీన్ జాన్సన్ అను కవయిత్రి 1892 నుండి ఊరూర తిరిగి తన పద్యములను వేదికపై చదివెను. తండ్రి మోహాక్, తల్లి ఇంగ్లీషు స్త్రీ. మొదటి సగము తోలు వస్త్రములతోను, రెండవ సగము ఇంగ్లీషు దొరసానుల గౌనుతోను ఆమె కనబడెడిది. ఒక్క మనిషి ఒక్క రాత్రిలో రెండు వేషములు వేసిననే గాని ప్రేక్షకులు వినని కాలమది.

నృత్యములను నిషేధించిన నిబంధనలు 1951లో చట్టమునుండి తొలగినవి. ఆ యేడాది డిసెంబరు 6వ తేదీన, మానిటోబా రాష్ట్రపు ఉత్తరపు కొసన, మంచు నేలలో టామ్సన్ హైవే పుట్టెను.

పన్నెండుమంది బిడ్డలలో ఆయన పదునొకండవవాడు. తండ్రి జో హైవే కారిబూ జింకల వేటగాడు, కుక్కలు లాగు మంచుబండ్ల పందెములలో విజేత. ఇంట మాటలాడునది క్రీ భాష ఒక్కటే. ఆరవ యేట బాలుని ఇల్లు విడిపించి ‘ది పా’ అను పట్టణము దగ్గరనున్న గై హిల్ వసతి పాఠశాలలో చేర్చిరి. సంవత్సరమునకు రెండు నెలలు మాత్రమే ఇల్లు. ఈ వసతి పాఠశాలలను గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. క్రైస్తవ సంఘములు నడుపగా ప్రభుత్వము పోషించిన ఈ బడులలో నూరేండ్లకు పైగా సుమారు 1,50,000 మంది ఆదివాసి పిల్లలను ఉంచిరి. తల్లిభాష మాటలాడినచో శిక్ష. కొట్టుట, ఆకలి, లైంగిక హింస, రోగములు, సమాధులు — ఇవన్నియు 2015లో వెలువడిన సత్య, సమాధాన సంఘపు నివేదికలో సాక్ష్యములతో నమోదైనవి. ప్రభుత్వము పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2008 జూన్ 11న. చివరి పాఠశాల మూతపడినది 1990ల నడుమ దాటిన తరువాతనే.

హైవే ఈ పాఠశాలను గూర్చి ఒక్క తీరున మాటలాడలేదు. 1998లో వెలువడిన ఆయన నవలలో అక్కడి అఘాయిత్యములు కలవు. అక్కడ తనకు మంచియు జరిగినదని ఆయన పలుమారులు చెప్పుటయు కలదు. ఆ మాట తోటి ఆదివాసులలో పలువురిని నొప్పించెను. పియానో విద్యకు ఆయన ఓనమాలు దిద్దినది అక్కడనే. తరువాత విశ్వవిద్యాలయమున సంగీతమును, ఇంగ్లీషును చదివి పట్టములు పొందెను. కచేరీలు చేయు పియానో విద్వాంసుడు కావలసినవాడు. అది విడిచి ఏడేండ్లు ఆదివాసి సంస్థలలో పని చేసెను. చెరసాలలోనివారిని, దిక్కులేని పిల్లలను, నగరపు వీథులలో తాగి పడియున్నవారిని దగ్గరగా చూచెను. ముప్పది దాటిన పిమ్మటనే నాటకము వ్రాయుటకు కూర్చుండెను.

అంతకు ముందు నాటకశాలలో ఆదివాసి లేకపోలేదు. 1967లో వాంకూవరు నగరమున జార్జి రైగా వ్రాసిన ‘ది ఎక్స్‌టసీ ఆఫ్ రీటా జో’ గొప్ప సంచలనము కలిగించెను. నగరమునకు వచ్చి నశించిన ఒక ఆదివాసి యువతి కథ అది. రైగా ఉక్రేనియను వంశీయుడు, సానుభూతి గలవాడు, నాటకము బలమైనదే. నాయిక తండ్రిగా చీఫ్ డాన్ జార్జి నటించెను. కాని రీటా జో పాత్ర ధరించినది తెల్లజాతి నటి. 1969లో ఒట్టావాలో జాతీయ కళాకేంద్రము తెరచినప్పుడు అక్కడను ఈ నాటకమునే ఆడిరి. ప్రేక్షకులు కంటతడి పెట్టి ఇళ్ళకు పోయిరి. అంతయు సరియే కాని, ఆ నాటకములో ఆదివాసి యనగా బాధపడువాడు, చచ్చువాడు. అతని బాధ నిజమే. అతని హాస్యము ఎక్కడకు పోయెను? చావడిలో కూర్చుండి నలుగురు చెప్పుకొను మాటలు, ఎత్తిపొడుపులు, బూతులు, పుకార్లు ఎక్కడకు పోయెను?

‘రెజ్ సిస్టర్స్’ తెచ్చినది దానినే. ఆ ఏడుగురు స్త్రీలు కలిసినచో ఒకరి మాట మరియొకరు వినరు. ఒకతెకు జాన‌పద గాయకుల రికార్డుల పిచ్చి. ఒకతెకు ఊరిలోకెల్ల పెద్ద పొయ్యి కావలెను. ఎమిలీ అనునామె ఒకప్పుడు మోటారు సైకిళ్ళ ముఠాలో తిరిగిన ధీర. మేరీ-అడీల్‌కు పదునలుగురు పిల్లలు, కడుపులో పుట్టకురుపు. ఆమెకు బహుమానపు సొమ్ముతో పిల్లలను వెంటబెట్టుకొని నివసించుటకు ఒక ద్వీపము కొనవలెనని కోరిక. నాటకములోని తిట్లకు, పరిహాసములకు శాలంతయు నవ్వుచుండగా, మతిస్థిమితము లేని జబూనిగన్ అను చిన్నది తనను తెల్లజాతి కుర్రవాండ్రు చేసిన హింసను, ఏమియు తెలియనట్లు, ఆటవలె చెప్పును. నవ్వు అక్కడ గొంతులో నిలిచిపోవును. విమర్శకులు ఈ ఘట్టమున 1971లో ది పా పట్టణము వద్ద హత్యకు గురియైన హెలెన్ బెట్టీ ఆస్బర్న్ అను క్రీ విద్యార్థినిని తలంతురు. ఆమె కేసు న్యాయస్థానమునకు చేరుటకు 16 ఏండ్లు పట్టెను. శిక్ష పడినది ఒక్కనికి.

ఇంతటి విషయమును చెప్పి రచయిత ఆగడు, ఉపన్యాసమీయడు. స్త్రీలు మరల బండి యెక్కుదురు, మరల పోట్లాడుకొందురు. నవ్వునకు, దుఃఖమునకు నడుమ తెర దించక పోవుటలో ఈ నాటకపు బలమంతయు నున్నదని నా యభిప్రాయము. దుఃఖమును మాత్రమే చూపినచో ప్రేక్షకుడు జాలిపడి తప్పించుకొనును. తాను ఎవరితో కలిసి కడుపుబ్బ నవ్వెనో వారికే ఈ గతి పట్టినదని తెలిసినప్పుడు తప్పించుకొనుటకు దారి యుండదు.

భాష మాటకు వత్తును. ఈ స్త్రీలు మాటలాడునది రెజ్‌లోని ఇంగ్లీషు. నడుమ నడుమ క్రీ, ఒజిబ్వే మాటలు దొర్లును. ఏ పాత్ర భాష ఆ పాత్రదే. మనకిది క్రొత్త కాదు. గురజాడవారు ‘కన్యాశుల్కము’లో చేసిన పనియే. అయితే మనవారికి తెలుగు మాటలాడినందుకు బడిలో నోటిని సబ్బుతో కడిగినవారు లేరు. ఆ రంగస్థలమున వినబడిన ప్రతి క్రీ మాటయు శిక్ష తప్పించుకొని వచ్చిన మాట అని గ్రహింపవలెను.

ఏడుగురు స్త్రీలు గాక వేదికపై ఒక్క పురుషుడున్నాడు. అతడు తొలుత తెల్లని సముద్రపు కాకియై, తరువాత రాత్రి తిరుగు గద్దయై, చివరకు బింగో ఆట నడుపు సొగసుకాడై కనబడును. అతడే నానబుష్. క్రీ భాషలో వీసాగేచాక్. మాయావి, తుంటరి, బుద్ధిహీనుడు, గురువు — అన్నియు నతడే. మనకు నారదుడు, తెనాలి రామలింగడు కలిసి ఒక్కడైనట్లు ఊహించుకొనవచ్చును. అయినను పోలిక పూర్తిగా కుదరదు, ఏలయన నానబుష్ పురుషుడే కానక్కర లేదు. ఇక్కడ వ్యాకరణము వచ్చును. క్రీ భాషలో ‘అతడు’, ‘ఆమె’ అను భేదము లేదు. ఆ భాషలోని నామములకు స్త్రీ, పుం భేదము గాక సప్రాణము, నిష్ప్రాణము అను విభాగము మాత్రమే కలదు; రాయి సప్రాణ వర్గములో చేరును. మన వ్యాకరణము మహత్తు, మహతి, అమహత్తు అని చెప్పి, ఏకవచనమున స్త్రీని పశుపక్ష్యాదులతో కలిపి ‘వచ్చినది’ అనిపించుటను తలచుకొన్నచో, ఒక్కొక భాష లోకమును ఒక్కొక విధముగా గదులు కట్టునని మనకు సులభముగా బోధపడును. అందువలన హైవే మొదటి నాటకమున నానబుష్ పురుషుడు, స్త్రీలు ఏడుగురు. 1989లో వ్రాసిన ‘డ్రై లిప్స్ ఆటా మూవ్ టు కపుస్కేసింగ్’ అను జంట నాటకమున పురుషులు ఏడుగురు, నానబుష్ స్త్రీ. ఇంగ్లీషులోనికి తెచ్చుటకు వీలుపడని సర్వనామమును ఆయన నటుల దేహములతో అనువదించెనన్న మాట.

రెండవ నాటకము వివాదము లేకుండ పోలేదు. ఊరి స్త్రీలు హాకీ జట్టు కట్టుదురు. పురుషులకు కాళ్ళ క్రింద నేల కదలినట్లగును. హాస్యముగా మొదలైన కథలో శిలువతో ఒక యువతిపై జరుపు అత్యాచారము వేదిక మీదనే జరుగును. మతము తమ జాతికి చేసినదానిని చూపుటకే అట్లు వ్రాసితినను భావము స్పష్టమే. అయినను స్త్రీ దేహమునే మరల చిహ్నముగా వాడవలెనా అని ఆదివాసి స్త్రీలే ప్రశ్నించిరి. ఆ ప్రశ్నకు నాటకములో సమాధానము చాలదని నాకును తోచును. చివర అంతయు కల యని తేలుట దానిని తేలిక చేయుచున్నది. 1991లో ఆ నాటకము టొరాంటోలోని రాయల్ అలెగ్జాండ్రా వంటి పెద్ద నాటకశాలకు చేరెను.

హైవే ఒంటరివాడు కాడు. 1982లో టొరాంటోలో ‘నేటివ్ ఎర్త్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్’ అను సమాజము పుట్టెను. 1986 నుండి 1992 వరకు దానిని నడిపినది ఆయనయే. 1984లో మానిటూలిన్ ద్వీపమున ‘డెబాజెముజిగ్’ వెలసెను. కథలు చెప్పువారని ఆ పేరునకు అర్థము. నేటివ్ ఎర్త్ ఏటేట జరుపు క్రొత్త నాటకముల ఉత్సవమునకు వీసాగేచాక్ పేరే పెట్టిరి. అక్కడ అచ్చు కాని, పూర్తి కాని నాటకములను చదివి, ఆడి, దిద్దుకొందురు. ఒక రచయిత వలన నాటకము పుట్టవచ్చును. నాటకరంగము పుట్టవలెనన్నచో ఇట్టి చోటు కావలెను.

ఆ చోటు నుండి వచ్చినవారిలో డేనియల్ డేవిడ్ మోజెస్ (1952–2020) నాకు అందరికంటె చతురుడుగా కనబడును. 1991లో ఆడిన ఆయన ‘ఆల్మైటీ వాయిస్ అండ్ హిస్ వైఫ్’ నిజముగా జరిగిన కథ. 1895లో ఒక క్రీ యువకుడు పశువును చంపినాడని పట్టుబడి, తప్పించుకొని, తనను పట్టవచ్చిన పోలీసు సార్జెంటును కాల్చెను. 1897లో పోలీసులు ఫిరంగులు పేల్చి అతనిని చంపిరి. మొదటి అంకమున ఈ కథ ప్రేమకథవలె, మెత్తగా నడచును. రెండవ అంకములో ఆదివాసి నటులు ముఖములకు తెల్లరంగు పూసికొని, తెల్లవారు నల్లరంగు పూసికొని ఆడిన పాతకాలపు వినోద ప్రదర్శనముల పద్ధతిని తలక్రిందులు చేసి, చనిపోయినవాని దయ్యము చేతనే చిందులు త్రొక్కింతురు. వేషము వేసి మమ్ము నవ్వులపాలు చేసితిరి. ఇక మీ వేషము మేము వేయుదుము — ఇదీ దానిలోని ఆట.

డ్రూ హేడెన్ టేలరు ఒజిబ్వే జాతీయుడు, సుకుమార హాస్యమునకు పేరు పొందినవాడు. 1991 నాటి ‘సమ్‌డే’ అను నాటకమున ఒక ముసలి తల్లికి లాటరీలో లక్షల డాలర్లు వచ్చును. ఆమెకు ఆ సొమ్ము అక్కర లేదు. ముప్పదియైదేండ్ల క్రితము ప్రభుత్వోద్యోగులు ఎత్తుకొనిపోయి తెల్లవారికి దత్తత ఇచ్చిన బిడ్డ కావలెను. బిడ్డ వచ్చును. న్యాయవాదియై, పట్టణపు దుస్తులతో, కారులో వచ్చి, ఆ ఇంట ఇమడలేక కొద్దిసేపటికే వెడలిపోవును. తల్లి అరచి యేడ్వదు. పోయిన భాషను, పోయిన బాల్యమును లాటరీ తేలేదని ఎవరును పలుకరు. ఆ తలుపు మూతపడిన చప్పుడు చాలును. ఇటువంటిదే కెవిన్ లోరింగ్ వ్రాసి 2009లో గవర్నరు జనరల్ బహుమతి పొందిన ‘వేర్ ది బ్లడ్ మిక్సెస్’. ఫ్రేజరు, థాంసన్ నదులు కలియు లిట్టన్ అను ఊరు ఆ కథకు నెలవు, లోరింగ్‌కు స్వస్థలము. సంగమపు ఊరి ప్రాచీన నామమునుండి ఆయన నాటకపు పేరును తీసికొనెను. 2021 జూన్ 30న ఆ ఊరు కార్చిచ్చులో దాదాపు పూర్తిగా దగ్ధమయ్యెను.

ఒట్టావా జాతీయ కళాకేంద్రమును గూర్చి పైన చెప్పితిని. 1969లో రీటా జో నాటకమాడిన ఆ భవనములోనే ఏబదియేండ్లకు, 2019లో, ఆదివాసి నాటకశాఖ ఒకటి ఏర్పడెను. దానికి మొదటి అధిపతి ఈ లోరింగే. తొలి ప్రదర్శనమునకు ఎన్నుకొన్నది మేరీ క్లెమెంట్స్ వ్రాసిన ‘ది అన్‌న్యాచురల్ అండ్ యాక్సిడెంటల్ విమెన్’. 1960ల నడుమ నుండి రెండు దశాబ్దములకు పైగా వాంకూవరు పేదవాడలో పలువురు స్త్రీలు — ఎక్కువమంది ఆదివాసులు — మితిమీరిన మద్యము వలన చనిపోయి కనబడిరి. మరణ విచారణాధికారులు అసహజము, ప్రమాదవశాత్తు అని వ్రాసి కాగితములు కట్టివేసిరి. వారితో చివరగా తాగినవాడు ఒక్క మంగలియే యని బయటపడుట ఎంతో ఆలస్యముగా జరిగెను. క్లెమెంట్స్ ఆ అధికారుల మాటలనే నాటకమునకు పేరుగా పెట్టెను. హంతకుని మనస్సును ఆమె తవ్వలేదు. చనిపోయిన స్త్రీలను వేదికపైకి పిలిచి, ఒకరితో ఒకరిని మాటలాడించి, తల్లిని వెదకుకొను రెబెకా అను యువతికి వారిని తోడుగా పంపెను. రీటా జో చివరకు ఒంటరిగా చచ్చెను. ఈ స్త్రీలు చచ్చియు ఒంటరివారు కారు. ఆ భవనము ఏబదియేండ్లలో నడచిన దూరము ఈ రెండు నాటకముల నడుమనున్న దూరమే.

ఇక్కడ ఒక తగవును దాటిపోరాదు. 2018లో రోబేర్ లెపాజ్ అను సుప్రసిద్ధ దర్శకుడు పారిసులోని తెయాత్ర్ దు సొలేయ్ సమాజముతో కలిసి ‘కనాటా’ అను నాటకమును సిద్ధము చేసెను. అది కెనడా ఆదివాసుల చరిత్ర. నటులలో ఆ జాతులవారు ఒక్కరును లేరు. ఆదివాసి కళాకారులు పత్రికలో బహిరంగ లేఖ ప్రకటించిరి. ధనసహాయము చేయవలసినవారు కొందరు వెనుకకు తగ్గిరి. అయినను డిసెంబరులో పారిసులో నాటకము ఆడెను. నటుడు ఎవరి వేషమైనను వేయవచ్చును గదా అని దర్శకుల వాదము. స్థానం నరసింహారావుగారి సత్యభామకు జోహారులు పలికిన తెలుగువారికి ఈ వాదము కొట్టివేయదగినదిగా కనబడదు. అయితే స్థానంవారు మహానటులగుట యెంత నిజమో, ఆ దినములలో కులస్త్రీకి రంగమెక్కు దారి మూసియుండుటయు అంత నిజము. మరియు హైవేయే 2001లో ఒక వ్యాసము వ్రాసి, ఆదివాసి పాత్రలను ఆదివాసులే ధరింపవలెనన్న నియమము వలన తన నాటకములు ఆడువారే కరువగుచున్నారని వాపోయెను. రచయిత బాధ అది, న్యాయమైనదే. కాని నటులు దొరకని పల్లె బడి వేరు, 1982 నుండి సమాజములు నడుపుచున్న నటులను పిలువక పోయిన పెద్ద సమాజము వేరు. రెండింటిని ఒక్క తక్కెడలో తూచరాదు.

ఈ తగవుకు అందరికంటె కొంటె జవాబు క్లిఫ్ కార్డినల్ ఇచ్చెను. కెనడాలో ఇటీవల సభలకు, ప్రదర్శనములకు ముందు ‘ఈ నేల ఫలానా జాతివారిది’ అని ఒక ప్రకటన చదువుట ఆచారమైనది. చదువువారు చదువుదురు, వినువారు కుర్చీలు సర్దుకొందురు. 2021లో టొరాంటోలోని క్రోస్ థియేటరు షేక్స్పియరు ‘ఆజ్ యు లైక్ ఇట్’ ఆడుచున్నామని టిక్కెట్లు అమ్మెను. కార్డినల్ తెర ముందుకు వచ్చి నేలను గూర్చిన ప్రకటన మొదలు పెట్టెను. పది నిమిషములు గడచెను, అరగంట గడచెను. హాస్యమాడుచు, నిష్ఠురములాడుచు, బడులలో చనిపోయిన పిల్లలను తలచుచు ఆయన మాటలాడుచునే యుండెను. తెర లేవలేదు. షేక్స్పియరు రానే లేదు. గంటన్నర పాటు సాగిన ఆ ప్రకటనయే నాటకము. కోపించి లేచిపోయినవారు కొందరు కలరు. ఈ కిటుకును బయట పెట్టవద్దని చూచినవారిని కోరుట జరిగెను. ఇప్పుడది పుస్తకములకెక్కిన విషయము గనుక నేను చెప్పుటలో దోషము లేదనుకొందును.

రేడియోను విడిచి ఈ ప్రసంగమును ముగించుట న్యాయము కాదు. 1997లో గవర్నరు జనరల్ నాటక బహుమతిని ఆదివాసులలో తొలుత పొందిన ఇయన్ రాస్, మానిటోబా శ్రోతలకు నాటకకర్తగా కంటె విన్నిపెగ్ జోగా ఎక్కువ పరిచితుడు. ఆ పేరుతో ఆయన రేడియోలో చమత్కారముగా లోకాభిరామాయణము చెప్పెడివాడు. కెనడా రేడియో 1961 నుండి ఏటేట మాసీ ఉపన్యాసములను ప్రసారము చేయుచున్నది. దేశమున గొప్ప మేధావులను పిలిచి వారి చేత వరుసగా ప్రసంగములు చేయింతురు. 2022లో ఆ పీఠమున కూర్చున్నది టామ్సన్ హైవే. ఐదు ప్రసంగములు: భాష, సృష్టి, హాస్యము, లింగభేదము, మరణము. ఐదింటిలోను తోడు నిలిచినది ఆ తుంటరి వీసాగేచాక్.

‘రెజ్ సిస్టర్స్’ చివర బింగో ఆట నడుచుచుండగనే మేరీ-అడీల్ మరణించును. బింగో నడుపు సొగసుకాడు ఆమెను నృత్యమునకు పిలుచును. ఆడుచు ఆడుచు అతడు గద్దయై ఆమెను కొనిపోవును. మిగిలినవారు ఊరికి తిరిగి వత్తురు. ఫిలోమెనాకు మరుగుదొడ్డి పీఠము అమరినది. పెలాజియా మరల కప్పు మీద సుత్తి పట్టినది. తొలి ప్రదర్శనములలో ఆ గద్దగా నర్తించినవాడు హైవే తమ్ముడు, నర్తకుడగు రెనే. నాలుగేండ్లకు, 1990లో, ఎయిడ్స్ వ్యాధితో అతడు మరణించెను. తన కొరకు దుఃఖింపవద్దని, సంతోషముగా నుండుమని అతడు కడపట కోరెనని అన్న 2021లో ప్రకటించిన తన బాల్య స్మృతులకు సంబంధించి చెప్పియున్నాడు. ఆ పుస్తకము నిండ నవ్వే.